వనవిహార చిత్రాలు – అడవి మనుషులు

ఊరి బయట ఒక బావి. గట్టు మీద నలుగురు ఆడవాళ్ళు. ఒకతె చేదతో నీళ్ళు తోడుతున్నది. ఒకతె నిండిన కడవను పక్కామె నెత్తికెత్తుతున్నది. గుర్రమెక్కి దారినపోతున్న ప్రభువొకడు ఆగి దోసిలి పట్టాడు. ఒక పడుచు వంగి నీళ్ళు పోస్తున్నది. ఆమె చూపు మాత్రం నీళ్ళ మీద లేదు. 18వ శతాబ్దపు మొగలాయి, దక్కనీ చిత్రాలను తిరగేసినవాళ్ళకు ఈ దృశ్యం పరిచయమే. ఇది ఒకే ఒక బొమ్మ కాదు. చేతులు మారుతూ, ఊళ్ళు మారుతూ పదేపదే గీసిన అచ్చు.

ఇలాంటి అచ్చులు మరికొన్ని వున్నాయి. పూలమళ్ళ మధ్య పాలరాతి అరుగు మీద బాలీసులకానుకొని హుక్కా పీలుస్తున్న బేగం, ఎదుట పాటకత్తెలు, వెనక చామరం వీచే దాసి. మామిడితోపులో ఉయ్యాల. డేగను చేతిమీద నిలుపుకొని వేటకు బయలుదేరిన రాకుమార్తె. చెట్టుకింద సన్యాసిని చూడవచ్చిన అంతఃపుర స్త్రీలు. వీటి కింద మ్యూజియం వాళ్ళు పెట్టే చీటీ కూడా సాధారణంగా ఒకే తీరున వుంటుంది: దక్కన్, 18వ శతాబ్దం, చిత్రకారుని పేరు తెలియదు.

పేరు తెలియని చిత్రకారుడు పేరు తెలియని మనుషులను ఆరుబయట కూర్చోబెట్టి గీసిన ఈ బొమ్మలను మనం ఏ దృష్టితో చూడాలి? సాహిత్య విద్యార్థులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ప్రబంధాలను ఏ దృష్టితో చదవాలనే ప్రశ్నకు ఇది తోబుట్టువు.

దీనికి సాధారణంగా మూడు సమాధానాలు వినబడుతుంటాయి. కళాభిజ్ఞులు రేఖనూ రంగునూ మెచ్చుకొని, చరిత్ర ప్రస్తావన రాగానే ముఖం తిప్పుకుంటారు. పాతకాలపు వైభవాభిమానులు ఆనాటి ప్రజల జీవితానికి ఇవి అద్దాలంటారు. ఇక మనలో తొందరపాటు గలవాళ్ళు భూస్వామ్య విలాసపు చెత్త అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఈ మూడూ చాలవని నా అభిప్రాయం. ఈ బొమ్మల్లో చరిత్ర వుంది. కాని అది బొమ్మ నడిమధ్యన లేదు, అంచున వుంది. బొమ్మ దేనితో తయారైందో ఆ వస్తువుల్లో వుంది. చండ్రుగొండ వంటి అడవి అంచు ఊరి నుంచి చూసినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది.

1

ముందు కాలాన్ని గుర్తు చేసుకుందాం. 1724లో మొదటి అసఫ్ జా దక్కనులో స్వతంత్రుడైనాడు. నిజాం అలీఖాన్ 1762లో గద్దెనెక్కాడు; ఆ తరువాత రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారింది. 1803 దాకా సాగిన ఆయన పాలనలోనే హైదరాబాదు చిత్రకళ విస్తారంగా వర్ధిల్లింది. అయితే ఆ నలభయ్యేళ్ళు శాంతికాలమేమీ కాదు. 1766, 1768 ఒప్పందాలతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైనాయి. 1791–92లో దక్కనును పట్టి పీడించిన కరువు, పూడ్చే దిక్కులేని శవాల ఎముకలు దారుల వెంట పడివుండడం వల్ల, పుర్రెల కరువని పేరు తెచ్చుకుంది. 1795లో ఖర్దా యుద్ధంలో మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. 1798లో సైన్యసహకార పద్ధతి పేరిట కంపెనీ సైన్యపు భారం రాజ్యం మీద పడింది. 1800లో రాయలసీమ జిల్లాలు దత్తమండలాలైనాయి.

విహార చిత్రాల్లో వీటి జాడ లేదు. అరుగు మీద తివాసీ చెక్కుచెదరదు. పూలమళ్ళు ఎండవు. ఆకాశాన బంగారు మబ్బులు తప్ప మరేమీ వుండవు. దీన్ని చూసి చిత్రకారుడు అబద్ధమాడాడనడం సులభం. కాని అతన్ని నిజం చెప్పమని అడిగినవాళ్ళెవరు? అతనికి జీతమిచ్చినవాడు కోరింది లోకం ఎలా వుందో చూపమని కాదు, తన లోకం ఎలా నిలిచివుండాలో చూపమని.

పోషకుల వలయం ఒక్క హైదరాబాదుతో ఆగిపోలేదు. వనపర్తి, గద్వాల, షోరాపూర్ సంస్థానాల చిత్రలేఖనం గురించి జగదీశ్ మిత్తల్ 1963లో ‘మార్గ్’ పత్రికలో రాశారు. 1983లో మార్క్ జెబ్రోవ్‌స్కీ దక్కనీ చిత్రలేఖనం మీద గ్రంథం వెలువరించారు. తెలుగు మాట్లాడే సంస్థానాధీశులు కూడా ఈ కళను పోషించారని ఇలాంటి పరిశోధనల వల్లనే మనకు తెలిసింది. బొమ్మలు మాత్రం చాలావరకు చెదిరిపోయాయి. 1784–85లో హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా పనిచేసిన రిచర్డ్ జాన్సన్ గొప్ప చిత్రసంచయాన్ని కూడబెట్టి, 1807లో కంపెనీ గ్రంథాలయానికి అమ్మాడు. అందులోని హైదరాబాదు రాగమాల చిత్రాలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో వున్నాయి. కొన్నవాని పేరు, ఉద్యోగం, అమ్మిన సంవత్సరం మనకు తెలుసు. గీసినవాని పేరు తెలియదు. అనామకత్వం కూడా వర్గాన్ని బట్టి పంపిణీ అవుతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పేరు దక్కినవాళ్ళు బహు కొద్దిమంది. నిజాం అలీఖాన్ కాలపు వెంకటాచలం వారిలో ఒకడు. అతనిది దక్షిణాది పేరు కావడం గమనించదగ్గది. మిగిలినవాళ్ళ చేతిపని మిగిలింది, చేతులు మిగలలేదు.

2

ఈ బొమ్మలు ఎలా తయారయ్యేవో తెలియకుండా వీటిని సాక్ష్యంగా వాడుకోవడం ప్రమాదం. చిత్రకారుడు బావిగట్టు దగ్గర కూర్చొని కంటికి కనబడినదాన్ని గీసుకున్నాడని ఊహించకూడదు. కార్ఖానాల్లో పలచగా చేసిన జింకతోలు మీద పాత బొమ్మల రూపురేఖలు దింపిపెట్టుకునేవాళ్ళు. దాన్ని చర్బా అంటారు. గీతల వెంబడి సూదితో సన్నని బెజ్జాలు పొడిచి, కొత్త కాగితం మీద పరచి, బొగ్గుపొడి మూటతో తట్టేవాళ్ళు. చుక్కలు దిగేవి, చుక్కలను కలుపుకుంటూ పోతే బొమ్మ. అందువల్ల ఒకే గుర్రపురౌతు, ఒకే నీళ్ళు పోసే పడుచు తరాల తరబడి బొమ్మ నుంచి బొమ్మకు ప్రయాణం చేశారు. ఉత్తరాది నుంచి దక్కనుకు వచ్చిన చిత్రకారులతో పాటు ఈ తోలుముక్కలూ వచ్చాయి.

అంటే ఇక్కడ దృశ్యం ఒకనాటి సంఘటన కాదు, ఒక కవిసమయం. మన ప్రబంధంలో వనవిహారం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అష్టాదశ వర్ణనల పట్టికలో ఉద్యానవిహారం, జలక్రీడ, మధుపానం తప్పనిసరి గనుక, కవి ఏ ఊరివాడైనా, నాయిక ఎవరైనా, చెలికత్తెలు తోటలోకి వెళ్ళక తప్పదు. పూలు కోయక తప్పదు. కొలనులో దిగక తప్పదు. ఆ తోటకు నీళ్ళు పెట్టినవాడు ఆ పట్టికలో లేడు కాబట్టి పద్యంలోనూ లేడు.

బావి దృశ్యాన్నే మళ్ళీ చూద్దాం. బొమ్మలో ఆడవాళ్ళందరిదీ ఒకే ఒడ్డూపొడుగూ, ఒకే ముక్కుతీరు, నగలు కూడా దాదాపు ఒకటే. బాటసారి ఎవరని వాళ్ళడగరు. మీ కులమేమిటని అతడూ అడగడు. మన ఊళ్ళ బావుల చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద కల్పనో చెప్పనక్కరలేదు. ఎవరి కడవ ఏ బావిలో మునగాలో, ఎవరు గట్టెక్కరాదో, ఎవరి దోసిట్లో ఎంత ఎత్తునుంచి పోయాలో కట్టుబాట్లు నిర్ణయించిన దేశం మనది. నీటి మీద మనిషికీ మనిషికీ మధ్య వున్న అతి క్రూరమైన గీతను చెరిపివేసి, దాని స్థానంలో శృంగారాన్ని నింపిన చిత్రమిది. ఇందులో నిజమేమీ లేదా అంటే, వుంది. పాలకవర్గం ఏ దృశ్యాన్ని చూడదలచలేదో ఈ బొమ్మ చెబుతుంది. చెరిపినచోటే గీత వుందని తెలుస్తుంది.

ప్రబంధకవుల విషయంలో సురవరం ప్రతాపరెడ్డి గారు చేసిన పని ఇక్కడ మనకు మార్గదర్శకం. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన కావ్యాలను కథ కోసమో అలంకారాల కోసమో చదవలేదు. తిండి, గుడ్డ, నగలు, ఆటలు, పనిముట్లు, సంతలు, మూఢనమ్మకాలు, ఏ పద్యంలో ఏ మూల తగిలినా ఏరుకున్నారు. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ అలాంటి చదువుకు గొప్ప గని. ఒక్కనాటి ఓరుగల్లు వీధుల్లో మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరుగుతారు. వాళ్ళ వెంట మనకు పూటకూళ్ళ ఇల్లూ కోడిపందేలూ కనబడతాయి. అది మాటల్లో గీసిన ఆరుబయటి చిత్రం. చూసే కళ్ళు విలాసపురుషులవే అయినా వీధి వాళ్ళకు లొంగలేదు. వాళ్ళు చూడదలచుకోనివి కూడా కవితో పాటు లోపలికి వచ్చేశాయి.

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ బాల్జాక్ గురించి చెప్పిందీ ఇదే: రచయిత సానుభూతి ఒక వర్గం వైపు వున్నా, అతని వాస్తవికత ఆ సానుభూతిని దాటి పోగలదు. ఆ సూత్రాన్ని రంగుల బొమ్మకు అన్వయిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నాయికా నాయకుల ముఖాలు చర్బా నుంచి వచ్చినవి. వాటిని తప్పుగా గీస్తే జీతం పోతుంది. అంచున వున్నవాళ్ళ మీద అంత కట్టడి లేదు. హుక్కా చిలుముకు నిప్పు సరిచేసే ముసలిదాని నడుము వంపు, తోలుతిత్తి మోసే భిస్తీ భుజం కుంగిన తీరు, గుర్రపువాడు పగ్గం చేతికి చుట్టుకున్న పద్ధతి వంటి చోట్ల అప్పుడప్పుడు చిత్రకారుని కన్ను కాగితం వదిలి వీధిలోకి పోయినట్టు అనిపిస్తుంది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ పల్లకీ మోసినవాళ్ళెవరని అడిగింది. వాళ్ళ పేర్లు ఈ బొమ్మలు చెప్పలేవు. కాని వాళ్ళ భుజాలు ఎలా వుండేవో కొన్ని బొమ్మలు చెబుతాయి. చరిత్రకారునికి అది చిన్న విషయం కాదు.

3

ఇది మన దేశానికే ప్రత్యేకమైన సంగతి కాదు. అదే శతాబ్దంలో ఫ్రాన్సులో వాటో గీసిన ‘సితేరా యాత్ర’ 1717లో అక్కడి రాజకీయ అకాడెమీ ఆమోదం పొందింది. పట్టుబట్టల జంటలు తోటల్లో సంగీతంతో, సరసాలతో కాలక్షేపం చేసే ఆ రకపు చిత్రాలకు అకాడెమీ ఒక కొత్త వర్గీకరణే కల్పించవలసి వచ్చింది. ఆ తోటల్లో రైతు లేడు. డెబ్బయి ఏళ్ళ తరువాత 1789లో ఆ రైతు ఎక్కడున్నాడో ఫ్రాన్సు ప్రభువులకు తెలిసివచ్చింది.

ఇంగ్లండులో 1750 ప్రాంతాన గెయిన్స్‌బరో గీసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం మరింత స్పష్టమైన ఉదాహరణ. ఓక్ చెట్టు కింద భార్య కూర్చుంది, తుపాకి చంకన పెట్టుకొని భర్త నిలబడ్డాడు. పక్కన కోసి కట్టలు కట్టి నిలబెట్టిన పంట. కోసినవాళ్ళు మాత్రం పొలంలో ఎక్కడా లేరు. ఆ దంపతులు ప్రకృతిని ఆరాధిస్తున్నవాళ్ళు కాదు, తమ భూమి మీద నిలబడ్డ యజమానులు అని 1972లో జాన్ బర్జర్ ఎత్తిచూపినప్పుడు కళాపండితులు కొందరు నొచ్చుకున్నారు. ఇంగ్లండు పార్లమెంటు ఉమ్మడి భూములకు కంచెలు వేయించే చట్టాలను వరుసగా చేస్తూ పోయిన శతాబ్దమది. కంచె వేసిన తరువాతనే ఆ భూమి ‘దృశ్యం’ అయింది.

పని జరిగే చోటును చూడదగ్గ చోటుగా మార్చాలంటే ముందు పనివాళ్ళను దృశ్యం నుంచి తప్పించాలి. 18వ శతాబ్దపు విహారచిత్రం పారిస్‌లో గీసినా హైదరాబాదులో గీసినా ఈ సూత్రం మారలేదు. అయితే మన చిత్రాల్లో ఒక అదనపు సంగతి వుంది. మనవాళ్ళు అడవి మనిషిని పూర్తిగా తప్పించలేదు. వేషం వేసి నిలబెట్టారు.

4

18వ శతాబ్దంలో బాగా చెల్లుబాటైన మరో అచ్చు రాత్రివేట. కారుచీకటి. ఆకులు చుట్టుకున్న భిల్లు దంపతులు. ఆమె చేతిలో దీపం. వెలుగుకూ గంట చప్పుడుకూ మోహపడి జింకలు దగ్గరికి వస్తున్నాయి. అతను విల్లు ఎక్కుపెట్టాడు. చీకట్లో ఆ కాస్త వెలుగును చిత్రకారులు సాధించిన తీరు మెచ్చుకోదగ్గదే. కాని మనుషులను చూడండి. ఆ భిల్లు స్త్రీది అరుగు మీది బేగం ముఖమే. చీర తీసి ఆకులు కట్టారు. వేట అతనికి ఆకలి తీర్చే పని. బొమ్మ కొన్నవానికి అది చీకటిలో మెరిసే వింత.

రాగమాల చిత్రాల్లో ఆసావరీ రాగిణి ఇంకా చిత్రమైనది. చందనవృక్షం దగ్గర, కొండరాతి మీద, ఆకుల పావడానో నెమలిపింఛాల పావడానో ధరించిన నల్లని స్త్రీ. ఆమె చుట్టూ పాములు. ఆ పేరు శబర జాతి పేరుతో ముడిపడినదని చెబుతారు. మన భద్రాచలం దిగువన గోదావరిలో కలిసే నది పేరు శబరి. రామునికి పళ్ళు పెట్టిన ముసలిదాని పేరూ అదే. రాగానికి, నదికి, భక్తికథకు అడవి స్త్రీ పేరు ఇవ్వగలిగిన సంస్కృతి, ఆమె తన ఇంటి ముందు కూర్చొని ఏం చేస్తుందో ఒక్కసారి కూడా గీయలేకపోయింది. పేరు తీసుకుంది, మనిషిని వదిలేసింది.

ఇప్పుడు బొమ్మ దేనితో తయారైందో చూద్దాం. నా వాదంలో ముఖ్యమైన భాగం ఇది.

చర్బా జింకతోలు. కుంచె ఉడుత తోక వెంట్రుకలది. రంగు కాగితాన్ని అంటిపెట్టుకొని వుండడానికి కలిపేది చెట్టుబంక, ముఖ్యంగా తుమ్మబంక. ఎరుపులో లక్క వుంది. లక్క అడవిచెట్ల కొమ్మల మీద పురుగు పెట్టేది. సన్యాసి కూర్చున్నది పులితోలు మీద. ప్రభువు చేతి డేగ అడవిలో వలపన్ని పట్టినది. రాజకుటుంబపు దర్జాకు గుర్తుగా వీచే చామరం కూడా ఒక జంతువు తోకే. ఇక ప్రతి విహారచిత్రంలో నడిమధ్యన, తివాసీ మీద మెరిసే తాంబూలపు పెట్టె. అందులో ఆకు, వక్క, సున్నంతో పాటు కాచు వుంటుంది. పెదవులు ఎర్రబారడానికి అది కావాలి. కాచు దొరికేది చండ్రచెట్టు చేవలో. చెట్టు నరికి, చేవను ముక్కలు చేసి, కుండల్లో గంటల తరబడి ఉడికించి, ఆ కషాయాన్ని చిక్కబరిచి, ఆరబెడితే కాచు అవుతుంది. చండ్రుగొండ పేరు వినగానే నాకు ఆ చెట్టు గుర్తుకొస్తుంది. ఊరిపేరుకు మూలం అదేనని నేను వాదించబోవడం లేదు. చండ్ర మాత్రం మన తెలంగాణ అడవుల్లో అంతటా పెరిగే చెట్టు.

కనుక ఆ చిత్రంలో అడవి లేదనడం పొరపాటు. బొమ్మ అంతా అడవి సరుకే. బంక ఏరినవాళ్ళు, లక్క గీరినవాళ్ళు, జింకను కొట్టినవాళ్ళు, కాచు వండినవాళ్ళు లేకపోతే తివాసీ మీద బేగమూ లేదు, ఆమె పెదవి ఎరుపూ లేదు. శ్రమ వస్తువుగా మారి చిత్రంలోకి ప్రవేశించింది. శ్రమించినవాడు ఆకులు కట్టుకున్న వింతగా తప్ప ప్రవేశించలేకపోయాడు. భూస్వామ్య సమాజంలో అడవికీ మైదానానికీ వున్న సంబంధమంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి వుంది.

5

అయితే 17, 18 శతాబ్దాల్లో తెలుగుదేశంలో ఇలాంటి బొమ్మలే వున్నాయా? లేదు. అదే కాలంలో, అదే తెలంగాణలో, మరో చిత్రలేఖనం వుంది. మన సాహిత్య చరిత్రలు జానపదమని ఒక మూలన పెట్టిన నకాషీల పటాలవి. ఇప్పుడు వాటిని చేర్యాల బొమ్మలంటున్నారు. నేతబట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక పట్టించి, ఎర్రని నేల మీద అరలు అరలుగా కథ గీస్తారు. మూరల కొద్దీ పొడవున్న ఆ పటాన్ని నిలువునా వేలాడదీసి, ఒక్కొక్క అరా విప్పుకుంటూ రాత్రంతా కథ చెబుతారు. కథకులు వేరు, చిత్రకారులు వేరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, చాకళ్ళకు పటంవారు మడేలు పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెబుతారు. ఇప్పటికీ నిలిచిన పటాల్లో 17వ శతాబ్దానివి కూడా వున్నాయి.

ఈ పటాల్లోని ఆరుబయలు పూర్తిగా వేరు. ఇక్కడ మగ్గం, చాకిరేవు, మోకు ముస్తాదుతో తాడెక్కే గౌడు బొమ్మ అంచున లేవు. కథకు నడుమనే వున్నాయి. పనిచేసే మనిషే పురాణపురుషుడు. చూసేవాడు ప్రభువు కాదు, పటంలోని మనిషి కులస్థుడే. చూసే చోటు అంతఃపురం కాదు, ఊరి నడుమ చెట్టు కింద నేల. బొమ్మ చుట్టూ కూడిన ఆ జనమే నిజమైన ఆరుబయటి సాంఘిక జీవితం. బొమ్మలో ఏముందో, బొమ్మ ముందు ఏం జరుగుతుందో రెండూ అక్కడ ఒకటయ్యాయి.

ఈ చిత్రకారుల పేర్లు కూడా చాలావరకు తెలియవు. కాని ఆ అనామకత్వం, దర్బారు అనామకత్వం ఒకటి కాదు. అక్కడ బొమ్మ యజమానిది గనుక గీసినవాడు పేరు చెప్పుకోలేదు. ఇక్కడ కథ అందరిది గనుక ఒకరి పేరు అవసరం కాలేదు. పటం పాతబడి చినిగిపోతే అమ్ముకోరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్ళలో కలుపుతారు. మ్యూజియాల్లో పాత పటాలు తక్కువగా వుండడానికి ఇదొక కారణం. అలా అని ఈ పటాలను ప్రజాకళ అని పొంగిపోయి చేతులు దులుపుకోకూడదు. ఒక్కొక్క కులం తన పుట్టుకను గొప్ప చేసుకునే కథలివి. కులవ్యవస్థను ఇవి ప్రశ్నించవు, అందులో తమ మెట్టు కోసం వాదిస్తాయి. జాంబ పురాణం వంటివి ఆ మెట్లనే తలకిందులు చేసి చెప్పిన సందర్భాలు వున్నాయి గాని, అది వేరే వ్యాసానికి తగిన విషయం.

అడవిలోకి వెళితే కోయల పడిగెలు వున్నాయి. గుడ్డ మీద కుట్టిన, గీసిన బొమ్మలతో వేల్పుల, పూర్వుల కథను మోసుకుతిరిగే జెండాలవి. కొలుపులప్పుడు తప్ప విప్పరు. డోలి కొడుతూ, ఆ బొమ్మల సాయంతో గాయకులు వంశాల కథ పాడతారు. సమ్మక్క సారలమ్మల కథ ఇన్ని శతాబ్దాలు నిలిచింది ప్రధానంగా అలాంటి గొంతుల్లోనే. ఆ గొంతుల్లో ఒకటైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లానే. 2024లో ఆయన కన్నుమూశాడు. దర్బారు చిత్రకారునికి దక్కని పేరు, డోలి గాయకునికి రెండు శతాబ్దాలు ఆలస్యంగానైనా దక్కింది. పేరు దక్కిందే గాని, ఆ పాటలు పాడేవాళ్ళు ఇంకెందరు మిగిలారన్నది మనమందరం వేసుకోవలసిన ప్రశ్న.

కోయ పల్లెలో ఆరుబయలు విహారానికి కేటాయించిన చోటు కాదు. భూమిపండుగ అక్కడే, విత్తనాల పండుగ అక్కడే, పంచాయితీ అక్కడే, పెళ్ళి అక్కడే. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే చెట్టు కిందికి చేరిన ఆడవాళ్ళు పూలేరుకుంటూనే మాట్లాడుకుంటారు, పాడుకుంటారు, తగవులాడుకుంటారు. మండుటెండల్లో తునికాకు కోతా అంతే. పనినీ ఆటనూ విడదీసే గోడ అక్కడ లేదు. ఆ గోడ వున్న సమాజానికే వనవిహారమనే మాట అవసరమైంది.

6

18వ శతాబ్దంలో ఈ ప్రాంతం హైదరాబాదు రాజ్యపు తూర్పు అంచు. పాల్వంచ సంస్థానపు అడవి. గోదావరి అవతలి భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్ళకు పోయింది. నది సరిహద్దయింది; కోయలు రెండు రాజ్యాల మనుషులైనారు. అవతల 1882 నాటి మద్రాసు అడవి చట్టం, ఇవతల నిజాం అడవి శాఖ. చట్టాలు వేరు, పని ఒకటే: అడవిని రిజర్వు చేయడం. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి చండ్రుగొండ అందులోకి వచ్చింది. గీతలు ఇన్నిసార్లు మారినా అడవిలో వున్నవాణ్ణి ఆక్రమణదారుగా చూసే చూపు అంత త్వరగా మారలేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఆ చూపును చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. ఒప్పుకున్నంత సులభంగా పోడు తగాదాలు తీరలేదు. 2022 నవంబరులో ఈ చండ్రుగొండ మండలంలోనే అటవీ అధికారి ఒకరు పోడు తగాదాలో జరిగిన దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ చావును ఏ వాదమూ సమర్థించదు. కాని మొక్క నాటవచ్చిన ఉద్యోగినీ, నేలకోసం తెగించిన నిరుపేదనూ ఎదురెదురుగా నిలబెట్టిన చరిత్ర ఎప్పుడు మొదలైందో అడగకపోతే మనం రచయితలం కాము. అడవిని మనుషుల్లేని దృశ్యంగా చూడడం నేర్పిన వాటిలో చట్టాలు మాత్రమే లేవు. చిత్రాలు వున్నాయి, ప్రబంధాలు వున్నాయి. ఇవాళ కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు బస్సుల్లో వచ్చి, ఎంగిలాకులు అక్కడే వదిలి, ప్రకృతి ఎంత ప్రశాంతంగా వుందో అని రాసే మన కవితలు కూడా వున్నాయి.

అందువల్ల ఆ పాత బొమ్మలను తగలబెట్టనక్కరలేదు, వాటి ముందు చేతులు కట్టుకొని నిలబడనూ అక్కరలేదు. చదవడం నేర్చుకోవాలి. మధ్యనుంచి కాక అంచునుంచి చదవాలి. ఎవరు కూర్చున్నారని కాక ఎవరు నిలబడ్డారని అడగాలి. ఏం గీశారని మాత్రమే కాక దేనితో గీశారని అడగాలి. పేరు తెలియని ఆ చిత్రకారుడు మన పగవాడు కాడు. అతడూ జీతగాడే. ఇరుకు కార్ఖానాలో కళ్ళు పాడుచేసుకుంటూ, తానెన్నడూ కూర్చోని అరుగును, తానెన్నడూ పీల్చని హుక్కాను వేలసార్లు గీసినవాడు. ఎప్పుడో ఒకసారి భిస్తీ భుజం మీద అతని కుంచె కాస్త ఎక్కువసేపు నిలిచింది. మన చదువు అక్కడ మొదలు కావాలి.

మన రాతలు కూడా రేపు ఎవరో ఇలాగే చదువుతారు. మన కథల్లోని ఆరుబయట కూర్చున్నవాళ్ళెవరు, నిలబడ్డవాళ్ళెవరు, ఆకులు కట్టించి నిలబెట్టినవాళ్ళెవరు అని లెక్క తీస్తారు. ఆ లెక్కకు సిద్ధంగా వుండడమే మన పని.